అమెరికా రాజ్యాంగం తొలినాళ్ల పుస్తకాలు: పాత ప్రతులు కొనాలా, రీప్రింట్లు చాలా?

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరు రాజమండ్రి. ప్రస్తుతం ఎడిసన్‌లో మా అబ్బాయి దగ్గరున్నాను, సంక్రాంతి లోపు తిరుగు ప్రయాణం. మన రాజ్యాంగ సభ చర్చలు చదివినప్పుడల్లా ఒక సంగతి నన్ను పట్టుకుంటుంది. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు లేచి నిలబడితే అమెరికా తీర్పులు అలవోకగా వచ్చేస్తాయి. ఆ పెద్దాయన మన నెల్లూరు జిల్లా వారే కదా. ఆయన తరం చదివిన అసలు పుస్తకాలేవో చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక.

అమెరికా రాజ్యాంగం రాసిన 1787 ఫిలడెల్ఫియా సమావేశం, తర్వాత ఒక్కో రాష్ట్రం ఆ రాజ్యాంగాన్ని ఆమోదించడం, మొదటి కాంగ్రెస్, అంటే వాళ్ల తొలి చట్టసభ. వీటి మీద నాలుగైదు మంచి పుస్తకాలు కొని ఇంటికి పట్టుకెళ్దామని. నాలుగు వందల డాలర్లు పక్కన పెట్టాను. పాతవైతే మరీ సంతోషం. ఒకాయన ఆన్‌లైన్‌లో "1788 ఫెడరలిస్ట్, తోలు బైండింగ్, బంగారు అంచులు" అని 90 డాలర్లకు పెట్టాడు. కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించండి అంటూ హామిల్టన్, మాడిసన్, జే రాసిన వ్యాసాల పుస్తకం అది. ఫొటోలో ధగధగా మెరిసిపోతోంది. తీసుకోమంటారా?

ఆబిడ్స్ ఆదివారం
ఆగుండ్రి సార్ ఆగుండ్రి! 90 డాలర్లకు అసలు 1788 ఫెడరలిస్టు దొరుకుతదంటే నేను ఇల్లమ్ముకొని అమెరికా ఫ్లైటెక్కుత. అది లక్ష డాలర్లకు పైమాట.

చెదపురుగు
మాస్టారూ, మీరు చూసింది పైన పటారం లోన లొటారం కాదు గానీ, పాతది మాత్రం కాదు. బంగారు అంచులు, లోపలి అట్టకు పట్టు గుడ్డ, కుట్టిన రిబ్బను. ఈ మూడూ కలిసి కనిపిస్తే అది దాదాపుగా 1980ల తర్వాతి సరుకు. అలబామాలోని బర్మింగ్‌హామ్ నుంచి లీగల్ క్లాసిక్స్ లైబ్రరీ అని ఒక సంస్థ లాయర్లకు చందా పద్ధతిలో ఇలాంటివి పంపేది. పుస్తకం చెడ్డదేం కాదు, కాగితం బాగుంటుంది, ఆఫీసు బీరువాలో దర్జాగా ఉంటుంది. కానీ మూల ప్రతి టైటిల్ పేజీని ఉన్నదున్నట్టు ఫొటో తీసి వేస్తారు కాబట్టి అమ్మేవాడు తెలిసో తెలియకో 1788 అని రాసేస్తాడు.

అసలు సంగతి చెప్తాను, ఎందుకంటే ఇదే ఈ పుస్తకంలో పసందైన భాగం. వ్యాసాలు 1787 అక్టోబరు నుంచి న్యూయార్క్ పత్రికల్లో 'పబ్లియస్' అనే మారుపేరుతో వచ్చాయి. వాటిని జె. అండ్ ఎ. మెక్లీన్ అనే అచ్చువాళ్లు రెండు సంపుటాలుగా వేశారు. మొదటిది 1788 మార్చి 22న, రెండోది మే 28న. 500 ప్రతులు. మొత్తం 85 వ్యాసాల్లో చివరి ఎనిమిదీ, అంటే 78 నుంచి 85 దాకా, పత్రికల్లో కన్నా ముందు ఈ రెండో సంపుటంలోనే అచ్చయ్యాయి. న్యాయవ్యవస్థ మీద హామిల్టన్ రాసిన 78వది, మీరు క్లాసులో చెప్పే ఉంటారు, అది పుట్టిందే పుస్తకంలో.

అంత గొప్ప పుస్తకం అమ్ముడుపోలేదు! 1788 అక్టోబరులో మెక్లీన్ కొన్ని వందల ప్రతులు తన దగ్గరే పడున్నాయని మొరపెట్టుకుంటూ ఉత్తరం రాశాడు. ఆ మిగిలిపోయిన ఫారాలనే 1799లో జాన్ టీబౌట్ అనే ఆయన కొత్త టైటిల్ పేజీ అతికించి మళ్లీ బజారుకు తెచ్చాడు. అంటే 1799 అని ఉన్న ప్రతి లోపల కాగితాలు 1788వే. టైటిల్ పేజీ మీది సంవత్సరం చూసి పాత పుస్తకం కొనకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

గోదారిగట్టు
భలే విషయం చెప్పారండీ. అయితే ఫెడరలిస్టు పాత ప్రతి మీద ఆశ వదులుకోవలసిందేనా?

వర్జీనియావదిన
1788ది వదులుకోండి అన్నయ్యగారూ. నేను ఇక్కడ ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పని చేస్తాను, ఆ ప్రతి గాజు పెట్టెలో తప్ప చూడలేదు. 1802లో జార్జ్ హాప్కిన్స్ వేసినదీ, 1818లో వాషింగ్టన్‌లో జేకబ్ గిడియన్ వేసినదీ కూడా మీ బడ్జెట్‌లో రావు. కానీ గిడియన్ పాఠం ముఖ్యం. మాడిసన్ స్వయంగా దిద్ది, ఏ వ్యాసం ఎవరిదో చెప్పిన ప్రతి అదే. లిబర్టీ ఫండ్ వాళ్లు దాన్నే పేపర్‌బ్యాక్‌లో వేశారు, చాలా చవక, ఆమ్లం లేని కాగితం. లోతుగా చదవాలంటే జేకబ్ కుక్ 1961లో వెస్లియన్ యూనివర్సిటీ ప్రెస్‌కి పరిష్కరించినది. పత్రికల్లో వచ్చిన పాఠానికీ పుస్తకానికీ తేడాలన్నీ అడుగున ఇస్తాడు. పాతది హార్డ్‌కవర్ తేలిగ్గానే దొరుకుతుంది.

ఎవరు రాశారన్నది తేలని పన్నెండు వ్యాసాలున్నాయి కదా, హామిల్టనా మాడిసనా అని. 1964లో మోస్టెలర్, వాలస్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు చిన్నచిన్న మాటల వాడకాన్ని లెక్కగట్టి మాడిసన్ వైపు మొగ్గారు. అందుకని ఏవి తనవో చెప్తూ హామిల్టన్ వదిలిన జాబితా పట్టుకుని అచ్చేసిన పాత రీప్రింటు కొంటే కొన్ని వ్యాసాల కింద తప్పు పేరు ఉంటుంది. చూసుకోండి.

అరకులోయ
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇవన్నీ నెట్‌లో ఉచితంగా ఉన్నాయి కదా? నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, హామిల్టన్, మాడిసన్, ఫ్రాంక్లిన్ ఉత్తరాలు వెతుక్కోవచ్చు. పాత చట్ట పత్రాలు పెట్టిన యేల్ వాళ్ల అవలాన్ ప్రాజెక్టు ఉంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పాత కాంగ్రెస్ చర్చలున్నాయి. నాలుగు వందల డాలర్లు పెట్టి, మోసుకుని, విమానం ఎక్కించి... ఎందుకో?

లాపాయింట్
డాలస్ నుంచి. అరకులోయ గారూ, కోర్టు పని రోజూ స్క్రీన్ మీదే చేసే దాన్ని నేను. ఒక మాట వెతుక్కోవడానికి నెట్‌ను మించింది లేదు. కానీ 1787 జూన్‌లో ఒక వాదన ఎలా పెరిగి, ఆగి, వారం తర్వాత మళ్లీ తల ఎత్తిందో వరసగా చదవాలంటే పుస్తకమే. పైగా మాస్టారు అడిగింది కొనాలా వద్దా అని కాదు, ఏది కొనాలి అని.

అరకులోయ
సరే మేడమ్, కందకు లేని దురద కత్తిపీటకెందుకు. వింటూ కూర్చుంటా.

లాపాయింట్
కోపం తెచ్చుకోకండి 🙂 మీ లింకులు మాస్టారికి పనికొస్తాయి, కొనే ముందు అదే పాఠం అక్కడ ఓ పది పేజీలు చదివి చూస్తే డబ్బు వృథా కాదు.

నా వంతు సలహా: అమెరికా సుప్రీం కోర్టు జడ్జి జోసెఫ్ స్టోరీ ఆ రాజ్యాంగం మీద రాసిన వ్యాఖ్యానం, కామెంటరీస్. 1833లో బోస్టన్‌లో మూడు సంపుటాలు, ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్‌కు అంకితం. మన అల్లాడి వారి తరానికి బాగా తెలిసిన పేరు ఇది. దీంట్లో పేచీ ఒకటుంది. 1851లో స్టోరీ కొడుకు, 1873లో థామస్ కూలీ, 1891లో మెల్విల్ బిగెలో అనే న్యాయ పండితులు వేరు వేరుగా నోట్లు చేర్చి కొత్త ఎడిషన్లు వేశారు. పాత పుస్తకాల దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి ఈ వెనకటివే, సాధారణంగా రెండు సంపుటాల్లో. స్టోరీ మాట ఎక్కడ ఆగిందో, కూలీ మాట ఎక్కడ మొదలైందో గమనించుకుంటూ చదవాలి. అంతర్యుద్ధం తర్వాతి సవరణల మీద అధ్యాయాలు కనిపిస్తే అవి స్టోరీవి కావు, ఆయన 1845లోనే పోయారు. 1833 పాఠమే కావాలంటే డా కాపో ప్రెస్ 1970 రీప్రింటు చూడండి. అది ఫొటో తీసి వేసినదే అయినా చక్కగా, ముచ్చటగా ఉంటుంది.

చెదపురుగు
రీప్రింటు అనే మాట వచ్చింది కాబట్టి. 1960లు, 70ల్లో డా కాపో, ఏఎంఎస్, బర్ట్ ఫ్రాంక్లిన్ లాంటి వాళ్లు లైబ్రరీల కోసం వేసిన రీప్రింట్లు వేరు, ఇప్పుడు ఆర్డరిస్తే అప్పటికప్పుడు అచ్చేసి పంపే రకం వేరు. ఆనాటి వాళ్లు మంచి ప్రతి ఎంచుకుని, పేజీ పేజీ సరిచూసి, గుడ్డ బైండింగ్ వేశారు. ఈనాటి ఆర్డరు సరుకులో చాలా భాగం నెట్‌లో ఉచితంగా ఉన్న స్కానే. నాకు ఒకసారి వచ్చిన దాంట్లో మడత పెట్టి ఉండాల్సిన పట్టిక మడత విప్పకుండానే స్కానయింది, సగం అంకెలు మడత కింద. ఇంకో పేజీ మీద స్కాను చేసినవాడి బొటనవేలు, రబ్బరు తొడుగుతో సహా.

అంతకన్నా ఘోరం, ఫొటో కాకుండా కంప్యూటరు చేత అక్షరాలు చదివించి మళ్లీ కూర్చినవి. 1800కు ముందు అచ్చుల్లో ఎస్ అక్షరం పొడుగ్గా ఎఫ్ లాగే ఉంటుంది. కంప్యూటరు దాన్ని ఎఫ్ అనే చదువుతుంది. అలా 'కాంగ్రెఫ్' వారు 'ఫెనేట్'తో కలిసి చట్టాలు చేస్తుంటారు, నాలుగు వందల పేజీల పాటు.

ఆబిడ్స్ ఆదివారం
కాంగ్రెఫ్ 😂😂 మా దగ్గర గూడ ఉన్నరు గట్లాంటోళ్లు.

వేదిక నిర్వాహకులు
ప్రస్తుత రాజకీయాలు ఈ విభాగంలో వద్దు అని మనవి.

వర్జీనియావదిన
ఆర్డరు సరుకు కొనే ముందు చూడాల్సింది ఒక్కటే: లోపలి పేజీల నమూనా. అది చూపించని వాడి దగ్గర కొనొద్దు. ఇంకా, మూడు సంపుటాల పుస్తకంలో ఒకే సంపుటాన్ని ఏ సంపుటమో చెప్పకుండా అమ్మేవాళ్లున్నారు. పేజీల సంఖ్య చూసి అడగండి.

ఇండియాలో కూడా ఇలాంటివే తోలు బైండింగుతో, బంగారు అక్షరాలతో ఢిల్లీ నుంచి అమ్ముతున్నారు. బైండింగ్ పనితనం బాగానే ఉంటుంది, లోపల అదే స్కాను. అక్కడికెళ్లాక చవగ్గా దొరికే దాన్ని ఇక్కణ్ణుంచి మోసుకుపోవడం దండగ.

గోదారిగట్టు
మీ అందరి మాటా విన్నాక 90 డాలర్ల బంగారు అంచును వదిలేశాను. మా కోడలు ఊపిరి పీల్చుకుంది. నిన్న మా అబ్బాయి పెన్సిల్వేనియా వైపు ఒక పాత పుస్తకాల కొట్టుకు తీసుకెళ్లాడు. అక్కడ ఒక సెట్టు కనిపించింది: ఎలియట్స్ డిబేట్స్, ఐదు సంపుటాలు, రాష్ట్రాల్లో జరిగిన ఆమోద సభల చర్చలు. మొదటి నాలుగూ లేత గోధుమరంగు తోలు, వెన్ను మీద ఎర్ర చీటీ, నల్ల చీటీ. ఐదోది వేరే, ముదురు గుడ్డ బైండింగు. ముట్టుకుంటే చేతికి ఎర్రటి పొడి అంటుకుంది. "సెకండ్ ఎడిషన్" అని ఉంది, వెనక పేజీలో 1836 అని ఉంది, అందుకని 1836 నాటిదని చీటీ రాసి 350 అడుగుతున్నారు. అడుగున జె. బి. లిపిన్‌కాట్ అని అచ్చు. ఏమంటారు?

చెదపురుగు
మాస్టారూ, ఇది నాకు ఇష్టమైన పుస్తకం, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

జోనథన్ ఎలియట్ వాషింగ్టన్‌లో పత్రిక నడిపినవాడు. 1827 నుంచి 1830 లోపు నాలుగు సంపుటాలు వేశాడు. 1836లో రెండో ఎడిషన్. మాడిసన్ పోయింది అదే ఏడు జూన్ 28న, ఫిలడెల్ఫియా ప్రతినిధుల్లో ఆఖరివాడు. ఆ సమావేశంలో ఆయన రాసుకున్న నోట్స్ ఆయన భార్య డాలీ మాడిసన్ దగ్గర్నుంచి కాంగ్రెస్ 30,000 డాలర్లకు కొని, 1840లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించింది. వాటిని ఎలియట్ 1845లో తన సెట్టుకు ఐదో సంపుటంగా కలిపాడు. కాబట్టి ఐదు సంపుటాలు ఉన్న సెట్టు మొత్తంగా 1836ది కావడానికి వీల్లేదు, లెక్క అక్కడే తేలిపోయింది.

తర్వాత ఆ పుస్తకం అచ్చు ప్లేట్లు ఫిలడెల్ఫియాలోని లిపిన్‌కాట్ వారి చేతికి వచ్చాయి. 1861, 1876, 1891, 1901, ఇలా మళ్లీ మళ్లీ అదే ప్లేట్ల మీద అచ్చేస్తూ పోయారు. "సెకండ్ ఎడిషన్" అన్న మాటా, వెనక పేజీలో 1836 కాపీరైటు వరసా ఎవరూ తీయలేదు. టైటిల్ పేజీ అడుగున సంవత్సరం ఉందేమో చూడండి. లేకపోతే సంస్థ పేరు చూడండి: "అండ్ కంపెనీ" అని ఉంటే 1885కు ముందు, ఉత్త "కంపెనీ" అని ఉంటే ఆ తర్వాత.

ఆ ఎర్ర పొడి సంగతి: గొర్రెతోలు బైండింగుకు వచ్చే జబ్బు అది. ఆమ్లం తోలును తినేస్తుంది. ఆపడానికి పూత మందులున్నాయి గానీ పోయిన తోలు తిరిగి రాదు. పైగా రెండు వేరువేరు సెట్లు కలిపి అంటగట్టారు. నాకైతే 350 ఎక్కువ. ఐదూ ఒకే గుడ్డ బైండింగులో ఉన్న 1891 సెట్టు దానికంటే తక్కువకే వస్తుంది, తోలు పొడి బాధ ఉండదు.

వర్జీనియావదిన
కాగితం మాట కూడా కలపండి. 1830ల దాకా అచ్చులు గుడ్డపీలికల కాగితం మీద, రెండు వందల ఏళ్లయినా మెత్తగా ఉంటుంది. 1870ల తర్వాత కలపగుజ్జు వచ్చింది, దాని అంచు తిప్పితే విరుగుతుంది. 1891ది కొంటే ఒక పేజీ మూల మెల్లగా వంచి చూడండి. చిటుక్కుమంటే అక్కడే పెట్టేసి రండి. రాజమండ్రి ఉక్కకు, వెండి పురుగుకు అది నాలుగు వానాకాలాలు కూడా ఆగదు.

ఇంకొకటి, ఎలియట్ పుస్తకం పాతదే గానీ పూర్తిది కాదు. పెన్సిల్వేనియా సభలో చర్చలు రాసుకున్నది థామస్ లాయిడ్ అనే షార్ట్‌హ్యాండ్ రచయిత. 1788లో అతను అచ్చేసిన పుస్తకంలో జేమ్స్ విల్సన్, థామస్ మెక్‌కీన్ ఈ ఇద్దరి ఉపన్యాసాలే ఉన్నాయి, ఇద్దరూ రాజ్యాంగానికి అనుకూలురే. వ్యతిరేకించిన వాళ్ల గొంతు లేదు. ఎలియట్ దాన్నే ఎత్తుకున్నాడు. పెన్సిల్వేనియాలో అసలు వ్యతిరేకతే లేదని ఎలియట్ ఒక్కటే చదివిన వాళ్లు నమ్మేస్తారు. వర్జీనియా చర్చలు మాత్రం బాగున్నాయి, రాజ్యాంగాన్ని వ్యతిరేకించిన పాట్రిక్ హెన్రీ గర్జనలన్నీ దాంట్లోనే.

అందుకని ఎలియట్ పక్కన ఇంకోటి పెట్టుకోవాల్సిందే. బెర్నార్డ్ బెయిలిన్ కూర్చిన రెండు సంపుటాలు, లైబ్రరీ ఆఫ్ అమెరికా 1993లో వేసింది. రెండు పక్షాల వాళ్లూ పత్రికల్లో రాసినవి, సభల్లో అన్నవి తేదీల వారీగా ఉంటాయి. పలచటి కాగితం, గట్టి కుట్టు, రెండూ కలిపి అరచేతిలో ఇముడుతాయి. సెకండ్‌హ్యాండులో ఎప్పుడూ ఉంటుంది. వ్యతిరేకుల వాదన మొత్తం కావాలంటే హెర్బర్ట్ స్టోరింగ్ ఏడు సంపుటాలు, 1981, కానీ అది సూట్‌కేసు సరుకు కాదు.

ఆబిడ్స్ ఆదివారం
సార్, మీరు వాపస్ వచ్చినంక ఒకసారి హైదరాబాద్ రండ్రి. ఉస్మానియా క్యాంపస్‌ల 1964ల అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ అని పెట్టిండ్రు, పెద్ద లైబ్రరీ. సెంటర్ పేరు తర్వాత మారింది గానీ అమెరికా చరిత్ర మీద ఆడ పోగైన పుస్తకాలు మన దిక్కు ఇంకెక్కడ జూస్తరు? గక్కడ ఉన్నయి తెలుసుకొని, లేనియే కొనుక్కోని రండ్రి. ఆబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద గూడ అప్పుడప్పుడు పాత అమెరికన్ గవర్నమెంట్ టెక్స్టుబుక్కులు దొరుకుతయి, మూల గ్రంథాలు మాత్రం కష్టం.

గోదారిగట్టు
నాకు ఇది తట్టనే లేదు బాబూ. సంతోషం. ఆ లైబ్రరీలో ఒకాయన పరిచయం ఉండాలి, కనుక్కుంటాను.

లాపాయింట్
మాస్టారూ, మీ రాజ్యాంగ సభ దారిలోనే ఇంకో మాట. 1947 చివర్లో మన రాజ్యాంగ సభ సలహాదారు బి. ఎన్. రావు గారు అమెరికా వచ్చి ఇక్కడి సుప్రీం కోర్టు జడ్జి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. ఆ తర్వాతే మన 21వ అధికరణంలో 'డ్యూ ప్రాసెస్' (న్యాయమైన ప్రక్రియ లేకుండా ప్రాణం, స్వేచ్ఛ తీయకూడదన్న నియమం) పోయి 'చట్టం నిర్దేశించిన విధానం' నిలిచింది. కానీ ఫిలడెల్ఫియాలో 1787లో డ్యూ ప్రాసెస్ మీద పెద్ద చర్చే లేదు, అది మొదటి కాంగ్రెస్ 1789లో పంపిన సవరణల్లో వచ్చింది. కాబట్టి మాడిసన్ నోట్స్ ఎంత వెతికినా దొరకదు. మొదటి కాంగ్రెస్ చర్చలు చూడాలి. అవి గేల్స్ అండ్ సీటన్ వాళ్లు 1834 నుంచి వేసిన ఆనల్స్‌లో, అంటే కాంగ్రెస్ చర్చల సంకలనంలో ఉన్నాయి, 42 సంపుటాలు, కొనే మాటే లేదు. అక్కడ అరకులోయ గారి లింకే గతి.

అరకులోయ
చూశారా, కత్తిపీట కూడా పనికొచ్చింది.

గోదారిగట్టు
ఇవాళ్టి వరకూ జరిగింది: ఎలియట్ తోలు సెట్టు వదిలేశాను. గిడియన్ పాఠం పేపర్‌బ్యాక్, బెయిలిన్ రెండు సంపుటాలు మా అబ్బాయి తెప్పించాడు. స్టోరీ డా కాపో సెట్టు ఒహాయో నుంచి వస్తోంది. లైబ్రరీ ముద్రలున్నాయిట, పర్వాలేదనుకున్నాను. ఇంకా నూట ముప్పై దాకా మిగిలింది. ఫిలడెల్ఫియా సమావేశం రికార్డులన్నీ కూర్చిన మాక్స్ ఫారాండ్ రికార్డ్స్ చూస్తున్నాను. ఒకచోట 1911 మూడు సంపుటాలు, ముదురు నీలం గుడ్డ, 120. ఇంకోచోట నాలుగు సంపుటాల పేపర్‌బ్యాక్, 55. పాతదాని మీదే మనసు లాగుతోంది.

వర్జీనియావదిన
లైబ్రరీ ముద్ర ఉంటే దాని మీద 'విత్‌డ్రాన్' అనో 'డిస్కార్డ్' అనో కూడా ఉందో లేదో అడగండి. అది లేని లైబ్రరీ పుస్తకం ఎలా బయటికొచ్చిందన్న ప్రశ్న వస్తుంది.

ఫారాండ్ విషయంలో నా ఓటు పేపర్‌బ్యాక్‌కే.

చెదపురుగు
నాదీ అదే, మాస్టారూ, పాత పుస్తకాల పిచ్చివాణ్ణి అయ్యుండీ చెప్తున్నాను. 1911 మూడు సంపుటాల తర్వాత కొత్త కాగితాలు బయటపడ్డాయి. ఫారాండ్ 1937లో సవరణలు, కొత్త సమాచారం, మొత్తానికీ కొత్త సూచిక కలిపి నాలుగో సంపుటం చేశాడు. యేల్ వాళ్లు 1966లో పేపర్‌బ్యాక్ వేసింది ఆ నాలుగింటినే. సూచికలో రాజ్యాంగం అధికరణాల వారీగా ఏ తేదీన ఎక్కడ చర్చించారో ఉంటుంది. మీరు చదవబోయే తీరుకు ఆ నాలుగో సంపుటం లేకపోతే మిగతా మూడూ గుడ్డివి. కొనేటప్పుడు నాలుగో సంపుటం వెన్ను విరగలేదు కదా అని ఒక ఫొటో అడగండి, అందరూ తిరగేసేది దాన్నే.

పాతదాని ముచ్చట తీరాలంటే మిగిలిన డబ్బుతో ఎలియట్ విడి సంపుటం ఒకటి, వర్జీనియా చర్చలున్న మూడోది, గుడ్డ బైండింగులో చూడండి. సెట్టు విరిగిన విడి సంపుటాలు కొట్లవాళ్లు చవగ్గా వదిలించుకుంటారు.

గోదారిగట్టు
ఫొటో వచ్చింది, వెన్ను బాగానే ఉంది. నాలుగూ ఆర్డరు పెట్టేశాం. ఎలియట్ మూడో సంపుటం కోసం ఆ పెన్సిల్వేనియా కొట్టాయనకే ఫోన్ చేయించాను, విడిగా ఒకటి వెనక గదిలో ఉందన్నాడు. శనివారం వెళ్తున్నాం. పేజీ మూల వంచి చూసే కొంటాను వదినగారూ.